తెర మీద తోటికోడళ్లు

ఇంకో జొన్నరొట్టె పెనం మీదనే చీలికలైంది. రాజకుమారి దాన్ని అట్లకాడతో ఎత్తి పక్కనున్న పళ్లెంలో పడేసింది. పొద్దుటి నుంచి విరిగినవన్నీ ఆ పళ్లెంలోనే పోగుపడుతున్నాయి.

"పిండి మంచిది గాదు," అంది, ఎవరూ అడక్కుండానే.

కూతురు దీప ఆ ముక్కల వైపు చూసింది. నిన్న ఇదే పిండితో పెద్దమ్మ శోభ చేసిన రొట్టెలు ఎన్ని మడతలు పెట్టినా విరగలేదు. ఆ సంగతి అమ్మకు తెలియదా ఏమిటి? తెలుసు కాబట్టే తప్పు పిండి మీదికి నెడుతోంది.

ఆ వంటింటికి అటొక వాటా, ఇటొక వాటా. ఇటు దీప వాళ్లుంటారు. అటు దీప పెద్దబాపు సదానందం, పెద్దమ్మ శోభ. మధ్యనున్న వంటిల్లు ఇద్దరు తోటికోడళ్లదీ. ముందు గదిలో బల్లలు వేసి అత్త పేరుతో నడుపుతున్న సారవ్వ మెస్సూ ఇద్దరిదే. గోదావరిఖని బొగ్గు గనుల్లో మొదటి షిఫ్టు దిగినవాళ్లు, రామగుండం కరెంటు ప్లాంటులో కాంట్రాక్టు పనికొచ్చినవాళ్లు అక్కడే భోంచేస్తారు. పొద్దున్నే మెస్సు పొయ్యి ముట్టించేది మాత్రం పెద్దకోడలు శోభ. జ్వరమొచ్చిన నాడు కూడా ఆమే వచ్చి అగ్గిపుల్ల గీసి, పోయి పడుకునేది.

ఇవాళ రాలేదు. అటు వాటా తలుపు మూసే ఉంది.

"పెద్దమ్మకు పానం మంచిగ లేదేమో. సూసి రానా అమ్మా?"

"ఏం గాలే. పొద్దుగాల వాకిలి ఊడ్సింది, సాన్పు సల్లింది, ముగ్గేసింది. నన్ను సూసి లోపటికి పోయి తలుపేసుకున్నది." రాజకుమారి పిండి ముద్దను పళ్లెంలో దబ్బున కొట్టింది. "నేనేమన్న? ఒక్క మాటన్న అన్ననా? ఏమనకుంటనే గింత కోపమా?"

గడప దగ్గర చింతచిగురు దూస్తున్న బాపమ్మ సారవ్వ తల ఎత్తకుండానే అంది. "ఏమననందుకే కావచ్చు."

ఆ మాటకు రాజకుమారి రొట్టె కొట్టడం ఆపింది. అత్త వైపు చూసింది. మళ్లీ పిండి మీద పడింది. దీపకు ఈ ముగ్గురి మధ్యా తనకు తెలియనిదేదో జరిగిందని అప్పుడు తట్టింది.

అంతలో వాకిట్లో బండి ఆగింది. రాజకుమారి తమ్ముడు భూపాల్. చౌరస్తాలో ఫ్లెక్సీల షాపు నడుపుతాడు. మనిషి కంటే ముందు గొంతు ఇంట్లోకి వస్తుంది.

"అక్కా! నువ్వు ఫేమస్ అయినవ్ పో! దీప చేసిన సైటు నా ఫోన్ల తెరిచి, గట్లనే ఫోటో కొట్టి అన్ని గ్రూపులల్ల వేసిన. శ్రీరాంపూర్ నుంచి గూడ ఫోన్లు. మీ అక్క మెస్సా, మాకు ఎర్కనే లేదు అంటున్నరు!"

దీప ఫోన్ అందుకుంది. చూసింది.

తెర మీద పైన సారవ్వ మెస్సు అని పేరు. దాని కింద అమ్మ ముఖం, నవ్వుతూ, తెర నిండా. అంతే. పెద్దమ్మ లేదు.

లేకపోవడమేమిటి, ఉంది. దీప తన చేతులతో పెట్టింది. కంప్యూటర్లో ఇద్దరూ పక్కపక్కన, ఒకే సైజులో, ఒక్క వెంట్రుక తేడా లేకుండా ఉన్నారు. ఎడమన అమ్మ, కుడిన పెద్దమ్మ. అలా పెట్టడానికీ ఓ కారణముంది. ఫోటోలో పెద్దమ్మ పెనం వైపు, అంటే ఎడమకు చూస్తోంది. మనిషి చూపు పేజీ లోపలికి ఉండాలి, బయటికి పోకూడదు, చూసేవాళ్ల కన్ను కూడా ఆ చూపు వెంటే పోతుంది అని ఆన్‌లైన్ క్లాసులో చెప్పారు. అందుకని ఆమెను కుడివైపు ఉంచింది. ఎంత బాగా కుదిరిందో అని మురిసిపోయింది కూడా.

కానీ ఫోన్ తెర ఎంత? అరచెయ్యంత లేదు. అందులో పక్కపక్కన ఇద్దరు పట్టరు. పట్టకపోతే ఎడమది పైకి పోతుంది, కుడిది కిందికి జారుతుంది. అది యంత్రం చేసుకుపోయే పని. పెద్దకోడలెవరో చిన్నకోడలెవరో దానికేం తెలుసు? పెద్దమ్మ కావాలంటే బొటనవేలితో పైకి నెట్టాలి. ఎవరు నెడతారు? ఈ ఊళ్లో కంప్యూటర్ ముందు కూర్చుని మెస్సు వెతికేవాడెవడు?

దీప కూడా ఫోన్లో చూసుకుంది. అక్షరాలు సరిపోయాయా, నెంబరు నొక్కితే ఫోన్ కలుస్తుందా అని మాత్రం చూసింది. పెద్దమ్మ కిందికి పోయిందన్నది కంటబడనేలేదు. కింద ఉందని తనకు తెలుసు కదా మరి.

"మామా, గిది తీసెయ్యి. అన్ని గ్రూపులల్ల తీసెయ్యి."

"ఎందుకే? మంచిగున్నది గదా!"

"పెద్దమ్మ ఏది?"

భూపాల్ ఫోన్ లాక్కుని చూశాడు. తల గోక్కున్నాడు. "అరె! నా కంటికి ఆననేలేదు. మా ఫ్లెక్సీలల్ల గీ లొల్లి ఉండదే. ఎంతమందినైనా వరుసకు నిలవెడ్త. తలకాయలన్ని ఒక్క తీరు. మొన్నొక లీడరు స్కేలు పట్టుకొచ్చి ఫ్లెక్సీ మీద తన మొకం కొలిసిండు తెలుసా? జెర చిన్నగొట్టినా నా షాపు షట్టరు దించుకునుడే."

"ఫోన్ల వరుసకు నిలవెట్టే జాగ లేదు మామా. ఒకరి కింద ఒకరే."

"గట్లయితె కష్టమే," అన్నాడు భూపాల్, మొదటిసారి గొంతు తగ్గించి.

రాజకుమారి ఈ మాటలన్నీ వింటూనే ఉంది. ఒక్కసారి కూడా ఇటు తిరగలేదు.

భోజనాల వేళయింది. బల్లలు నిండాయి. శ్రీకాకుళం నుంచి ప్లాంటు పనికొచ్చిన వెల్డర్ ఒకతను పళ్లెం ముందు కూర్చుని నాలుగు వైపులా చూశాడు.

"ఓనర్ గారూ, ఇవాళ రొట్టెలు లేవాండీ? ఆ రొట్టెలు చేసే పనావిడ రాలేదా?"

గరిటె పట్టుకున్న రాజకుమారి చెయ్యి గాలిలో ఆగింది. దీప అమ్మ నోటి వైపే చూసింది. అనమ్మా, ఆమె మా అక్క అను. ఒక్క మాట.

"రేపొస్తది," అంది రాజకుమారి. పప్పుచారు పోసి పక్క బల్లకు నడిచింది.

దీపకు ఒళ్లు మండిపోయింది. నేరుగా అతని దగ్గరికి వెళ్లింది. "అన్నా, మా దగ్గర పనామెలు ఎవ్వరు లేరు. ఆమె మా పెద్దమ్మ. మెస్సు ఆమెది గూడ."

అతను నాలుక కరుచుకున్నాడు. "అయ్యయ్యో! సైట్లో ఈవిడ ఫోటోయే చూశానమ్మా. నిన్న ఆవిడ ఎదురుగానే, ఓనర్ గారూ, మీ పనావిడ రొట్టెలు అదరగొట్టింది అనేశాను. ఏమీ అనుకోలేదు కదా పాపం?"

"సైట్ల కిందికి సూడలేదా?"

"కిందికి ఎందుకమ్మా? నిన్న ఏం కూరో చూద్దామని తెరిచాను. అది దొరకలేదు. ఫోన్ చేసి అడిగి వచ్చేశాను."

మెస్సు ఖాళీ అయ్యేదాకా దీప ఆగింది. రాజకుమారి బగోణలు తోముతోంది. అవసరం లేనంత గట్టిగా తోముతోంది. ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ జరిగి గిన్నెల మీది మూతలు గలగలలాడాయి. ఇద్దరూ తల తిప్పలేదు.

"నిన్న గూడ గిట్లనే అన్నడట గదా. పెద్దమ్మ ముంగటనే."

రాజకుమారి ఇంకో బగోణ లాక్కుంది.

"నువ్వేమన్నవ్?"

"చారు పొంగుతుండె."

"అమ్మా."

"నవ్విన. గంతే. ఏమనాల్నో తోచలే, నవ్విన." రాజకుమారి బగోణ కింద పెట్టింది. చేతులకు నురగ కారుతోంది. "ఇన్నేండ్లాయె. అందరు శోభక్క మెస్సు, శోభక్క మెస్సు అంటరు. నేను ఉల్లిగడ్డలు కోసిన, మాంసం కడిగిన, గిన్నెలు తోమిన. కూర మంచిగైతె శోభక్క చెయ్యి అంటరు. ఉప్పెక్కువైతె నా దిక్కు సూస్తరు. నిన్న ఒక్కడంటె ఒక్కడు నన్ను ఓనరన్నడు. నాకు మంచిగనిపించింది. తప్పా? నువ్వే జెప్పు బిడ్డా, తప్పా?"

దీప తోమిన బగోణ అందుకుని బోర్లించింది. పొద్దుటి నుంచి పెద్దమ్మ కోసం రగులుతున్న కోపం కాస్తా చల్లారిపోయింది. అమ్మ ఇన్నేళ్లూ ఇది లోపల పెట్టుకుని ఉల్లిగడ్డలు కోసిందా? ఒకే ఇంట్లో ఉంటూ తను ఒక్కనాడైనా చూసిందా?

"తప్పు గాదు," అంది గడప దగ్గరి సారవ్వ. "గని ఆమె పక్కన నిలవడ్డప్పుడు గాదు."

రాజకుమారి కొంగుతో ముఖం తుడుచుకుని లోపలికి వెళ్లిపోయింది.

దీప కంప్యూటర్ ముందు కూర్చుంది. ముందు ఫోటోలు తారుమారు చేసింది. పెద్దమ్మ పైకి, అమ్మ కిందికి. ఫోన్లో తెరిచి చూసుకుంటుంటే భుజం మీద నీడ పడింది. వెనక అమ్మ. ఎప్పుడొచ్చిందో. తెర వంక ఒక్క క్షణం చూసి, "మంచిగున్నది," అని వెళ్లింది. ఆ మంచిగున్నదిలో మంచి ఏ కోశానా లేదు.

ఇద్దరినీ చిన్నగా చేసి ఇరికించింది. ఇద్దరూ గుర్తింపు కార్డు ఫోటోల్లా తయారయ్యారు, ఎవరు ఎవరో తెలియడం లేదు. ఇద్దరూ కలిసి దిగిన ఫోటో ఏదైనా ఉందేమోనని ఫోన్ మొత్తం గాలించింది. పుట్టినరోజులు, పెండ్లిళ్లు, బోనాలు, అన్నీ ఉన్నాయి. ఒక్కదాంట్లోనూ ఇద్దరూ కలిసి లేరు. ఒకరు ఫోటోలో ఉంటే ఇంకొకరు పొయ్యి దగ్గర ఉన్నారు. అది చూసేసరికి దీపకు ఏడుపొచ్చింది.

క్లాసులో నేర్పిన ఒక పద్ధతి ఉంది. తెరను కళ్లు చికిలించి చూడాలి. అన్నీ మసకబారిపోతాయి. అప్పుడు కూడా కంటికి తగిలేది ఏదో అదే ఆ పేజీలో అన్నిటికంటే ముందు పలికేది. దీప కళ్లు చికిలించింది. ముఖాలే తగిలాయి. ఎలా చూసినా ముఖాలే. మరి ఆ వెల్డర్ వెతికింది ముఖాలనా? కూర పేరు వెతికాడు. షిఫ్టు దిగి ఆకలితో వచ్చేవాడికి ఇద్దరిలో ఎవరు పెద్ద అన్నది కావాలా? తను ఇంట్లోవాళ్లకు చూపించుకోవడానికి పేజీ చేసింది కానీ, అన్నానికి వచ్చేవాళ్ల కోసం చెయ్యలేదు.

రెండు ఫోటోలూ పైనుంచి తీసేసింది. అక్కడ పెద్ద అక్షరాలతో రేపటి కూర రాసింది. చింతచిగురు మాంసం, జొన్నరొట్టె. చుట్టూ ఏమీ పెట్టకుండా తెల్లగా వదిలేసింది. ఆ ఖాళీ వల్లే మాట ఇంకా పెద్దదిగా కనిపించింది. కింద కాస్త చిన్నగా ఏ షిఫ్టుకు ఎప్పటిదాకా దొరుకుతుందో రాసింది. ఎర్ర రంగు మొత్తం పేజీలో ఒక్కచోటే వాడింది, ఫోన్ చేసే బటన్‌కు. వండేవాళ్ల పేర్లు అన్నిటికంటే కింద, ఒకే వరుసలో, ఫోన్లోనూ విడిపోకుండా. మళ్లీ కళ్లు చికిలించింది. కూర, వేళ, నెంబరు. కన్ను తడుముకోకుండా మెట్లు దిగినట్టు దిగింది. హమ్మయ్య అనుకుంది.

ఫోన్ పట్టుకుని పోయి అటు వాటా తలుపు కొట్టింది.

తలుపు వెంటనే తెరుచుకుంది. శోభ ముఖంలో కోపం లేదు. అది చూసి దీపకు ధైర్యం రావాల్సింది పోయి భయమేసింది.

"రా బిడ్డా. తిన్నవా?"

"తిన్న పెద్దమ్మ. పెద్దబాపు లేడా?"

"బజారుకు పోయిండు. కూసో."

దీప కూర్చోలేదు. "పెద్దమ్మా, తప్పు నాదే. కంప్యూటర్ల ఇద్దరు పక్కపక్కకే ఉన్నరు. ఫోన్ల గట్లయితదని నేను సూసుకోలే. కావాలని..."

"నువ్వు కావాలని చేస్తవా? పిచ్చిదానా! చిన్నప్పుడు నా ఒళ్లె తప్ప పండుకోకపోతివి." శోభ ఆమె చెయ్యి పట్టి మంచం మీద కూర్చోబెట్టింది. "ఆ పిల్లగాని మీద గూడ కోపం లేదు. ఎక్కడిదో ఊరు, తెల్వకన్నడు. నేను మీ అమ్మ దిక్కు సూసిన. మా అక్క అంటదని సూసిన. అనలే. నవ్వింది."

"ఆమెకు ఏమనాల్నో తోచలేదట."

"గది గాదు. ఆ నవ్వు నేను ఇన్నేండ్లల్ల ఆమె మొకాన సూడలే. గంత సంబురం." శోభ కిటికీ అవతల బొగ్గు లారీ మోత పోయేదాకా ఆగింది. "రాత్రంత గదే యాదికొచ్చింది. మొదలు మస్తు కోపమొచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది. తెల్లారేసరికి సిగ్గనిపించింది. గా నవ్వు ఆమెకు లేకుంట చేసింది నేనేనా అని. పొయ్యి నేనే ముట్టియ్యాలె, ఉప్పు నేనే ఎయ్యాలె, రొట్టె ఎవ్వల ముట్టనియ్య. ఆమెకు నేర్పిన్నా ఒక్కనాడన్న?"

దీప ఫోన్ ముందుకు చాపింది. "మళ్ల చేసిన. సూడు పెద్దమ్మ."

శోభ చూసింది. నిదానంగా, కింది దాకా చూసింది.

"గింత పెద్దగ కూర పేరా?"

"మొదలు అదే కనవడాలె. వచ్చేటోళ్లకు కావాల్సింది గదే."

"మంచిగున్నది. మరి మేమిద్దరం పైన ఉండేటట్టు చెయ్యరాదా?"

"ఫోన్ల జాగ లేదు పెద్దమ్మ. జాగ ఉన్నా, రెండు ఒక్క తీరుగ పెద్దగ పెడితె కన్ను ఏది ముందుగాల సూడాల్నో తెల్వక రెంటిని ఇడిసిపెడ్తది. ఒక తెర మీద మొదలనేది ఒక్కటే ఉండాలె."

"గట్లని మీ సార్లు జెప్పిన్రా?"

"ఔ పెద్దమ్మ."

"నిజమే జెప్పిన్రు." శోభ ఫోన్‌ను దీప చేతిలో పెట్టి, ఆ చెయ్యి వదల్లేదు. "అయితె నాకు వేరే తెర చెయ్యి బిడ్డా."

దీపకు అర్థం కాలేదు. నవ్వబోయింది. పెద్దమ్మ నవ్వడం లేదు.

"రేపటి సంది ఈ పక్కనే పొయ్యి పెట్టుకుంట. రొట్టెలు, సర్వపిండి, గంతే. ఆ మెస్సు మీ అమ్మ నడుపుకోని. గీ కూరల పేర్లు మస్తుగున్నయి, గట్లనే ఉంచు. కింద నా పేరొక్కటి తియ్యి."

"వద్దు పెద్దమ్మ! అమ్మకు రొట్టె రాదు. ఇయ్యాల అన్ని ఇరిగినయ్."

"వస్తది. నేను లేకుంటనే వస్తది."

"నామీద కోపంతోని గదా గిట్లంటున్నవ్?"

"కోపముంటె ఈపాటికి పోట్లాడుదు." శోభ వంటింటి వైపు చూసింది. "ఇద్దరం కలిసుంటె ఎప్పుడన్న ఒకల్లం కిందనే ఉంటం బిడ్డా. ఇన్నేండ్లు ఆమె ఉన్నది. ఇగ నేనుంటనా అంటె, నాతోని గాదు. నిన్న ఒక్క పూటకే నా పానం పోయినంత పనైంది."

దీప తల వంచి చూసింది. తను బాగుచేశాననుకున్న పేజీ చేతిలోనే వెలుగుతోంది. ఇంటిని కలుపుతుందని కదా తెచ్చింది. ఇప్పుడు ఏ మాటతో దీన్ని వెనక్కి తీసుకోవడం?

వాకిట్లో ఆటో చప్పుడైంది. సదానందం దిగాడు. వెనక సీటు మీంచి డ్రైవరూ ఆయనా కలిసి అట్టపెట్టె ఒకటి దింపారు. పెట్టె మీద రెండు బర్నర్ల గ్యాస్ పొయ్యి బొమ్మ.

ఇటు వాటా నుంచి రాజకుమారి బయటికొచ్చింది. ఏడ్చిన కళ్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. పెట్టెను చూసింది. ఆ ముఖం ఒక్కసారిగా విప్పారింది.

"కొత్త పొయ్యా బావా? పాతది మంట మంచిగ వస్తలేదని అక్క ఎన్నటి సందో అంటున్నది!" గబగబా మెట్లు దిగి వచ్చింది. తలుపులో నిలబడ్డ శోభను చూసి ఆగింది. తల వంచుకుంది. "అక్కా, నిన్న నేను... ఆ పిల్లగాడు గట్లన్నప్పుడు నేను చెప్పాల్సుండె. తప్పైంది. నువ్వు అలిగినవనుకున్న. నువ్వేమో మనకోసం పొయ్యి తెప్పిచ్చినవ్."

సదానందం భార్య వైపు చూశాడు. శోభ దీప వైపు చూసింది. దీప ఎటూ చూడలేకపోయింది.

"పాతది ఇప్పుడే తోమి పెట్టిన, పక్కకు జరుపుడే," అంటూ రాజకుమారి వంగి పెట్టెకు ఒక పక్క చేతులు వేసింది. "బావా, నువ్వు జరుగు, నడుము పట్టేస్తది. అక్కా, నువ్వటు పట్టుకో. లోపట పెడదాం."

శోభ మెట్లు దిగింది. వంగి రెండో పక్క పట్టుకుంది. ఇద్దరూ కలిసి పెట్టెను లేపారు. రాజకుమారి వెనకడుగు వేసింది, వంటింటి వైపు.

శోభ కదల్లేదు.

"చెల్లే," అంది మెల్లగా. "అటు గాదు. ఇటు."

రాజకుమారి ఆమె చూపు వెంట చూసింది. అటు వాటా తలుపు బార్లా తెరిచి ఉంది. గోడ పక్కన పొయ్యి పట్టేంత జాగా ఊడ్చి, తడిగుడ్డతో తుడిచి ఉంది.

పెట్టె ఇద్దరి చేతుల్లోనే ఉండిపోయింది.